చూడని సోపతి

ఈ రోజు స్నేహం గురించి మాట్లాడుకుందాం. ఫోనులో మొదలయ్యే స్నేహం గురించి. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇది ఇప్పుడు ఇంటింటి సంగతి. పెద్దల ఇంట్లోనూ ఉంది, పిల్లల చేతిలోనూ ఉంది.

ఎండాకాలంలో ఏదైనా ఒక ఆదివారం మిర్యాలగూడలోనో, దేవరకొండలోనో, వనపర్తిలోనో, నారాయణపేటలోనో తిరిగి చూడండి. ఏదో ఒక బడి ముందర, లేకుంటే ఫంక్షన్ హాలు ముందర ఒక ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్, పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం. లోపలికి పోతే అందరూ నడివయసు వాళ్ళు. తలలు నెరిశాయి. కొందరికి మనవలు, మనవరాళ్ళు కూడా పుట్టారు. పిలుపులు మాత్రం ఇంకా బడిలో ఉన్నప్పటివే. "అరేయ్", "ఏమే", "ఒసేయ్". పాత సార్లను కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువాలు కప్పుతుంటారు. ఆ సార్లు ఒక్కొక్కరి ముఖం చూసి పేరు గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నం చేస్తుంటారు.

ఇంతమందీ ఎట్లా కలిశారు? ఎవరో ఒకరు ఒక రాత్రి కూర్చుని వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. తన దగ్గరున్న నాలుగైదు నంబర్లు చేర్చారు. వాళ్ళు తలా ఇద్దరిని పట్టుకొచ్చారు. మగవాళ్ళు తొందరగానే దొరికారు. ఆడవాళ్ళను వెతకడమే కష్టమైంది. పెళ్ళితో వాళ్ళ ఊరు మారింది, ఇంటిపేరు మారింది. ఫోను ఉన్నా, నంబరు భర్త పేరు మీదనో కొడుకు పేరు మీదనో ఉంది. అయినా వెతికారు. ఒకామె అన్న ఊళ్ళో కిరాణా దుకాణం నడుపుతున్నాడని తెలిస్తే, ఆయన దగ్గరికి పోయి నంబరు అడిగారు. ఒకామె సూరత్‌లో ఉందని తెలిసింది. ఇంకొకామె భీవండిలో ఉందని తెలిసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత గొంతు విని, "నువ్వేనా?" అని ఒక్క మాట అడిగి, ఆ తర్వాత మాట రాక ఏడ్చినవాళ్ళున్నారు.

ఆ స్నేహం ఫొటోలు దిగి, భోజనాలు చేసి వెళ్ళిపోవడంతో ఆగలేదు. జిల్లా పేపరు తిరగేయండి. చిన్న వార్త ఒకటి తరచుగా కనబడుతుంది. చనిపోయిన మిత్రుడి కుటుంబానికి పదో తరగతి స్నేహితుల ఆర్థిక సాయం. తలా కొంత వేసుకుంటారు. ఆ ఇంటికి పోతారు. మిత్రుడి బిడ్డ పేరు మీద బ్యాంకులో డబ్బు వేసి వస్తారు. ఆ బిడ్డ వాళ్ళను అంతకుముందు ఎన్నడూ చూసి ఉండదు. ఆ రోజు నుంచి వాళ్ళు ఆమెకు పెద్దనాయినలు, చిన్నమ్మలు.

అందుకే, ఫోను మనుషుల్ని విడదీస్తోంది అని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నేను ఒప్పుకోను. విడిపోయినవాళ్ళను కలిపింది కూడా ఆ ఫోనే.

మరి భయం లేదా? ఉంది. ఆ భయం గురించి కూడా చెబుతాను. అంతకంటే ముందు, ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న మాట ఒకటుంది. రేడియోలో మాట వెనక్కి తిప్పి వినలేం కాబట్టి, మళ్ళీ మళ్ళీ చెబుతాను.

చూడని సోపతి తప్పు కాదు. దాచిన సోపతే ముప్పు.

మళ్ళీ వినండి. చూడని సోపతి తప్పు కాదు. దాచిన సోపతే ముప్పు.

ముందు మొదటి సగం సంగతి చూద్దాం. చూడని మనిషితో స్నేహం మనకు కొత్తదా? కొత్తది కాదు. మీలో పెద్దవాళ్ళకు కలం స్నేహం గుర్తుండే ఉంటుంది. పత్రికలో చిరునామా చూసి, ఎక్కడో దూరాన ఉన్న మనిషికి ఇన్‌ల్యాండ్ లెటరు రాసేవాళ్ళం. జవాబు కోసం పోస్టుమ్యాన్ దారి చూసేవాళ్ళం. రేడియో శ్రోతల మధ్య కూడా ఇటువంటి బంధమే ఉండేది. పాట కోరుతూ కార్డు రాస్తే, మన పేరు, మన ఊరి పేరు గాలిలో వినబడేది. ఒక్కొక్క ఊరి శ్రోత పేరు అన్ని ఊళ్ళ శ్రోతలకూ కంఠతా వచ్చేది. ముఖం తెలియదు. పేరు తెలుసు. ఏ పాట ఇష్టమో తెలుసు. అదే స్నేహం.

ఇంకా వెనక్కి పోదాం. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక తెచ్చారు. నిజాం కాలం. తెలుగులో చదవడమే కష్టమైన రోజులు. రాసేవాళ్ళు ఒక ఊళ్ళో, చదివేవాళ్ళు ఇంకో ఊళ్ళో. వాళ్ళను కలిపింది ఆ పత్రిక.

ఆ తర్వాత పాలమూరు బిడ్డ ఒకాయన ఇంకా పెద్ద పని చేశారు. ఆయన సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆయన సొంత ఊరు ఇటిక్యాలపాడు. ఆ ఊరు ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. ఆయనే గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరు అన్న మాట అప్పట్లో వచ్చింది. సురవరం వారు వాదానికి దిగి ఊరుకోలేదు. మీ పద్యాలు పంపండి, మీ వివరాలు పంపండి అని కవులకు పిలుపిచ్చారు. మారుమూల పల్లెల నుంచి జవాబులొచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు. ఒక ఊరి కవి పక్క తాలూకా కవిని ఎరగడు. ఎవరికి వాళ్ళు ఒంటరిగా రాసుకుంటున్నవాళ్ళు. ఆ పుస్తకం చేతికొచ్చాక వాళ్ళు ఒంటరివాళ్ళు కారు. నాలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారు అని తెలిసింది.

నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. మనిషికి ఈ ఒక్క మాట ఎంత బలమో ఆలోచించండి. ఫోనులో దొరికే స్నేహంలో మేలంతా ఇక్కడే ఉంది.

కొన్ని ఉదాహరణలు చెబుతాను.

మన నల్లగొండ బత్తాయి రైతును తీసుకోండి. తోటలో పిందె రాలిపోతోంది. కారణం తెలియదు. ఫొటో తీసి రైతుల గ్రూపులో పెడతాడు. అనంతపురంలో ఇంకో బత్తాయి రైతు చూస్తాడు. "అన్నా, నాకు కూడా పోయిన ఏడు ఇట్లనే అయింది, నీళ్ళు ఎట్లా పెడుతున్నవ్?" అని అడుగుతాడు. అక్కడ మొదలవుతుంది మాట. పంట గురించి మొదలై, పిల్లల చదువుల దాకా, బిడ్డ పెళ్ళి దాకా పోతుంది. శుభలేఖ వస్తుంది. నల్లగొండ మనిషి అనంతపురం పెళ్ళికి పోతాడు.

వినికిడి లేని పిల్లలను తీసుకోండి. ఊళ్ళో వాళ్ళ సైగల భాష తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. చెయ్యి ఊపితే చుట్టుపక్కల వాళ్ళు నవ్వుతారు. అదే పిల్లవాడు వీడియో కాల్‌లో ఇంకో జిల్లా పిల్లవాడితో చేతులతో గంటల కొద్దీ మాట్లాడతాడు. నవ్వుతాడు. అలుగుతాడు. వాదిస్తాడు. ఆ ఫోను లేకపోతే, ఆ పిల్లవాడికి తన భాషలో మాట్లాడే దోస్తు ఊళ్ళో దొరకడు.

ఇక మన వలస కుటుంబాలు. దేశంలో కట్టిన ఎన్నో ప్రాజెక్టుల్లో, ఎన్నో భవనాల్లో పాలమూరు కూలీల చెమట ఉంది. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబయికి, పుణెకు బస్సులెక్కిన కుటుంబాలు ఎన్నో. పిల్లలను అవ్వ దగ్గర, తాత దగ్గర వదిలి మేస్త్రీ వెంట పోయారు. ఆ రోజుల్లో ఉత్తరం రాయాలంటే చదువొచ్చినవాడిని బతిమాలాలి. వచ్చిన ఉత్తరం చదివించుకోవాలన్నా ఇంకొకరి దగ్గరికి పోవాలి. భార్యాభర్తల కష్టసుఖాలు మూడో మనిషి నోట వినాలి. ఇప్పుడు ఆ బాధ తప్పింది. వాయిస్ మెసేజ్‌కు చదువు అక్కరలేదు. అవ్వ వేలు పెట్టి నొక్కుతుంది. "బిడ్డా, తిన్నవా? పిల్లగాడు బడికి పోయిండు, రంది పెట్టుకోకు" అంటుంది. ఆ గొంతు ముంబయిలో తల్లి చెవిలో పడుతుంది. పని చేసే చోట పక్క గుడిసెవాళ్ళు పరిచయమవుతారు. పని అయిపోయి ఎవరి ఊరికి వాళ్ళు తిరిగొస్తారు. అయినా ఫోనులో ఆ సోపతి నిలబడుతుంది. మళ్ళీ పని ఎక్కడుంది, ఏ మేస్త్రీ కూలి ఎగ్గొడతాడు, ఏ మేస్త్రీ సక్కగా ఇస్తాడు అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ సోపతి వాళ్ళ కూలి డబ్బులకు కాపలా కాస్తుంది.

ఇంకొక రకం స్నేహం ఉంది. కలిసి పని చేస్తే పుట్టే స్నేహం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. జీతం లేదు. మన రెండు జిల్లాల పల్లెల గురించి కూడా అందులో పేజీలున్నాయి. అవి రాసినవాళ్ళు ఒకరు ఈ జిల్లాలో ఉండవచ్చు, ఇంకొకరు అమెరికాలో ఉండవచ్చు. ఒకరు రాసిన తప్పును ఇంకొకరు దిద్దుతారు. వాదించుకుంటారు. ఒప్పుకుంటారు. అట్లా కొన్నేళ్ళు గడిస్తే, ఎదుటి మనిషి ఓపిక ఎంతో, నిజాయితీ ఎంతో తెలిసిపోతుంది. పొగడ్తతో మొదలైన స్నేహం కంటే పనితో మొదలైన స్నేహం గట్టిది. పిల్లలూ, ఈ మాట మీ కోసం. ఫోనులో దోస్తులు కావాలంటే, ముందు మీకు ఇష్టమైన పని ఏదో చూసుకోండి. కథలు రాయడమా, చదరంగమా, పాటలా, పోటీ పరీక్షల చదువా. ఆ పని చేసేవాళ్ళ మధ్యకు పోండి. స్నేహం అదే దొరుకుతుంది.

ఇంతవరకు మొదటి సగం. చూడని సోపతి తప్పు కాదు.

ఇప్పుడు రెండో సగం. దాచిన సోపతే ముప్పు.

ఒక పిల్లవాడు ఉన్నాడనుకుందాం. డిగ్రీ చదువుతున్నాడు. హాస్టల్‌లో ఉంటాడు. ఒక రాత్రి ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్ వస్తుంది. అందమైన అమ్మాయి ఫొటో. ఒప్పుకుంటాడు. వెంటనే మెసేజ్. నువ్వు చాలా బాగున్నావు అంటుంది. అంత మెచ్చుకోలు వాడు జన్మలో విని ఉండడు. మరునాటికి వీడియో కాల్. ఆ కాల్‌లో జరగరానిది జరుగుతుంది. అవతల దాన్ని రికార్డు చేస్తారు. ఇంకో గంటకు బెదిరింపు మొదలు. డబ్బు పంపు, లేకుంటే మీ అమ్మకు, మీ చెల్లెకు, మీ దోస్తులందరికీ ఈ వీడియో పంపుతాం. వాడు వణికిపోతాడు. ఒకసారి పంపుతాడు. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ పంపుతాడు. అప్పు చేస్తాడు. ఎవరికీ చెప్పడు. ఎందుకు చెప్పడు? సిగ్గు. నాయిన కొడతాడన్న భయం. ఊళ్ళో పరువు పోతుందన్న భయం. ఆ భయమే మోసగాడి పెట్టుబడి. అవతల ఉన్నది చాలాసార్లు అమ్మాయి కూడా కాదు. ముఠా.

ఇంకో రకం. భర్త పోయిన ఒక అక్క ఉంది. పిల్లలు దూరాన ఉన్నారు. విదేశంలో డాక్టరునని ఒకడు పరిచయమవుతాడు. పొద్దున పలకరింపు, రాత్రి పలకరింపు. తిన్నావా అని అడిగే మనిషి లేని ఇంట్లో ఆ పలకరింపు ఎంత తీయగా ఉంటుందో మనం అర్థం చేసుకోవాలి. కొన్నాళ్ళకు, నీకు బంగారం పంపాను అంటాడు. ఆ తర్వాత ఇంకెవరో ఫోను చేస్తారు. పార్సిల్ విమానాశ్రయంలో ఆగింది, పన్ను కట్టాలి అంటారు. ఆమె కడుతుంది. ఇంకో ఫీజు అంటారు. అదీ కడుతుంది. పార్సిల్ రాదు. ఎందుకంటే ఆ పార్సిల్ లేదు. ఆ డాక్టరూ లేడు.

ఇంకో రకం. పద్నాలుగేళ్ళ ఆడపిల్ల. ఫోనులో ఆడే ఆటలో పరిచయమైన ఒక అన్న. ఇంట్లో ఎవరూ నిన్ను అర్థం చేసుకోరు, నేనే అర్థం చేసుకుంటాను అంటాడు. ఒక ఫొటో పంపు అంటాడు.

ఈ మూడు కథల్లో మనుషులు వేరు, వయసులు వేరు. ఒక్క మాట మాత్రం మూడింటి వెనుకా ఉంది. జాగ్రత్తగా వినండి. ఆ మాట ఇది: ఎవరికీ చెప్పకు.

నిజమైన దోస్తు నీ అమ్మకు నమస్తే చెబుతాడు. నీ అన్నతో మాట్లాడతాడు. మీ ఇంటికి వస్తానంటాడు. మోసగాడు మాత్రం నిన్ను నలుగురిలోంచి పక్కకు తీసుకుపోతాడు. ఎవరికీ చెప్పకు అన్న మాట వినబడిన రోజే మీ మనసు గట్టి చేసుకోండి. ఆ రోజే ఒక మనిషికి చెప్పండి. అమ్మకు చెప్పలేకపోతే అక్కకు. అక్కకు చెప్పలేకపోతే టీచరుకు. లేకుంటే దోస్తుకు. ఒక్క మనిషికి. మీరు నోరు తెరిచిన రోజు వాడి బలం సగం పోతుంది.

డబ్బు పోయిందా? ఒక నంబరు చెబుతాను. కాగితం, పెన్ను తెచ్చుకోండి. 1930. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. దేశమంతటా సైబర్ నేరాల సహాయానికి ఇదే నంబరు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మీ ఖాతా నుంచి పోయిన డబ్బు ఇంకో ఖాతాలోకి, అక్కడి నుంచి మరో ఖాతాలోకి పరుగెత్తుతుంటుంది. మీరు వెంటనే చెబితే దారిలోనే ఆపే అవకాశముంది. తెల్లారి చూద్దాం అనుకుంటే ఆ అవకాశం తగ్గిపోతుంది. మళ్ళీ చెబుతున్నాను. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

ఆడవాళ్ళకు షీ టీమ్స్ ఉన్నాయి. 2014లో హైదరాబాదులో మొదలై, తర్వాత మన జిల్లాలకూ వచ్చాయి. మీ పేరు బయటికి రాకుండా చూస్తారు. పిల్లలకు ఆపద ఉంటే 1098. ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది. బెదిరించినవాడు నేరస్తుడు. బెదిరింపుకు గురైనవాళ్ళు నేరస్తులు కారు. ఫొటో పంపిన పిల్ల తలదించుకోవలసిన పని లేదు. ఆ ఫొటోను ఆయుధం చేసుకున్నవాడే తలదించుకోవాలి.

ఇప్పుడు అమ్మలకూ నాయినలకూ ఒక మాట. పిల్లవాడు ధైర్యం చేసి వచ్చి చెప్పాడు. మీరేం చేస్తారు? ముందు ఫోను గుంజుకుంటారు. రెండు దెబ్బలు వేస్తారు. ఆడపిల్ల అయితే చదువు మాన్పించి పెళ్ళి సంబంధాలు చూస్తారు. మీ ఇంట్లో రెండో పిల్ల ఇదంతా చూస్తుంటుంది. రేపు తనకు ఆపద వస్తే చెబుతుందా? చచ్చినా చెప్పదు. చచ్చినా అన్న మాట నేను ఊరికే వాడటం లేదు. చెప్పుకోలేక ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. పిల్లలు సోపతి దాస్తే తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు. చెప్పుకోలేని ఇల్లు తయారు చేసిన మనది కూడా. కాబట్టి పిల్లవాడు వచ్చి చెప్పిన రోజు, ముందు ఒక మాట అనండి. "చెప్పి మంచి పని చేసినవ్ బిడ్డా." మిగతా మాటలన్నీ ఆ తర్వాత.

మరి మంచి దోస్తు ఎవరో, మోసగాడు ఎవరో ఎట్లా పోల్చుకోవాలి? మన ఊళ్ళ పెద్దమనుషులకు ఇది తెలుసు. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే, రచ్చకట్ట మీద కూర్చున్న ముసలవ్వ మూడు ప్రశ్నలు వేస్తుంది. ఏ ఊరు బిడ్డా? ఎవరింటికొచ్చినవ్? ఏం పని మీద వచ్చినవ్?

ఫోనులోకి వచ్చిన కొత్త మనిషిని కూడా అదే అడగండి. ఏ ఊరు? అంటే, చెప్పిన ఊరు, చెప్పిన పని నిజమేనా? అక్కడ తెలిసినవాళ్ళు ఉంటే కనుక్కోండి. ఎవరింటికొచ్చినవ్? అంటే, మనిద్దరికీ తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఏం పని మీద వచ్చినవ్? అంటే, ఈ మనిషికి నా నుంచి ఏం కావాలి? మాట కావాలా, డబ్బు కావాలా, ఫొటో కావాలా? ఊరు, ఇల్లు, పని. ఈ మూడూ గుర్తుంచుకోండి. ఇందులో ఏ ఒక్కటి అడిగినా కోపం తెచ్చుకునే మనిషిని అక్కడే వదిలేయండి.

తెలిసినవాళ్ళ పేరు మీద కూడా మోసం జరుగుతుంది. మీ దోస్తు ఫొటోతో, ఆస్పత్రిలో ఉన్నాను, డబ్బు పంపు అని మెసేజ్ వస్తే, ముందు మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోను చేయండి. గొంతు వినండి. మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి అడగండి. ఆ తర్వాతే డబ్బు.

కలుసుకోవాలనుకుంటే కలుసుకోండి. పదిమంది తిరిగే చోట, పగటి పూట, తోడుగా ఒకరిని తీసుకుని. నల్లగొండలోనూ క్లాక్ టవర్ ఉంది, పాలమూరులోనూ క్లాక్ టవర్ ఉంది. అక్కడ కలుసుకుని ఛాయ్ తాగండి. ఎక్కడికి పోతున్నారో, ఎవరిని కలుస్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి పోండి. స్నేహం పెళ్ళి దాకా వస్తే, తొందరపడకండి. ఊరు చూడండి, ఇల్లు చూడండి, చేసే పని చూడండి.

ఒక్కటి మాత్రం చూడకండి. రచ్చకట్ట మీద నాలుగో ప్రశ్న కూడా ఒకటి వేస్తారు. మీరు ఏమోళ్ళు? కులమేంది? ఆ ప్రశ్నను వదిలేద్దాం. ఊళ్ళో ఈ వాడ పిల్లలు ఆ వాడ పిల్లలతో కూర్చోలేని రోజులు మన కళ్ళ ముందరే ఉన్నాయి. ఫోనులో ఆ గోడలు లేకుండా పిల్లలు కలుస్తున్నారు. పాటతో కలుస్తున్నారు, చదువుతో కలుస్తున్నారు. కొన్ని ఇళ్ళలో వాళ్ళు సోపతి దాచడానికి అసలు కారణం ఈ నాలుగో ప్రశ్నే. పెద్దలు ఆ ప్రశ్న మానుకుంటే, పిల్లలు దాచుకోవడం మానుకుంటారు. అప్పుడు మోసగాడికి చోటుండదు.

శ్రోతలారా, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు ఒక పని చేయండి. మీ పిల్లలను అడగండి. "ఫోనులో నీ దోస్తులెవరు? వాళ్ళ సంగతులు చెప్పు." పోలీసులాగా అడగకండి, దోస్తులాగా అడగండి. ముందు మీ దోస్తుల సంగతి మీరు చెప్పండి. పిల్లలూ, మీరు కూడా అమ్మను అడగండి. "అమ్మా, నీతో చదువుకున్నవాళ్ళు ఇప్పుడెక్కడున్నరు? వెతుకుదామా?" పెళ్ళితో నంబరు పోగొట్టుకున్న ఆ సోపతులను అమ్మకు వెతికి ఇవ్వండి. ఒక్క నంబరు దొరికినా చాలు, మిగతావి దాని వెంటే వస్తాయి.

చూడని సోపతి తప్పు కాదు. దాచిన సోపతే ముప్పు. సోపతి చేయండి. నలుగురికీ చెప్పి చేయండి.